ఎముకల మాత్ర వేసుకుంటూ కదిలే పళ్లు పీకించుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. మా అమ్మకు 68 ఏళ్లు. నడుం నొప్పికి డెక్సా పరీక్ష (ఎముకల గట్టిదనం కొలిచే ఎక్స్‌రే) తీయిస్తే, ఆ గట్టిదనాన్ని చెప్పే టి-స్కోరు మైనస్ 2.9 వచ్చింది. ఏడాదిన్నరగా వారానికో అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర వేసుకుంటోంది. చుట్ట అలవాటుంది, అదీ అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం). కింది పళ్లు మూడు కదులుతున్నాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లు పన్ను పీకించుకుంటే దవడ ఎముక కుళ్లిపోతుందని తెలిసినవాళ్లు భయపెట్టారు. దాంతో రెండు వారాలుగా మాత్ర ఆపేశాం. ఏం చేయాలి?

జవాబు: మాత్రను మీకై మీరు ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇప్పటికే ఎముకలో చేరిన అలెండ్రోనేట్ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకు గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటాం. మీ అమ్మగారు జారిపడితే తుంటి విరగడం అన్న ప్రమాదం నిజంగానే ఉంది. మందు కొనసాగించాలా, పన్ను తీశాక పుండు మానేవరకు ఆపాలా అన్నది రాసిన డాక్టరు, పళ్ల డాక్టరు కలిసి తేల్చాలి. ఏడాదిన్నర వాడకానికి ముందుగా ఆపాల్సిన అవసరం మామూలుగా రాదు.

దవడ ఎముక దెబ్బతినడం అబద్ధం కాదు, కానీ అరుదు. ఎముకల బలహీనతకు ఇలాంటి మాత్రలు వాడేవారిలో పది వేల మందికి సుమారు ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు నెలనెలా ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్‌తో అంతకు చాలా రెట్లు ఎక్కువ. ఊళ్లో మాట ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే.

అసలు పళ్లు ఎందుకు కదులుతున్నాయో చూద్దాం. పన్ను దవడలోని ఒక గుంత ఎముకలో కూర్చుంటుంది. పాచి గట్టిపడి గార అయితే, దాని కింద సూక్ష్మజీవులు చేరి చిగురు వాచి, గుంత అంచు ఎముక కరిగిపోతుంది. చుట్టూ మట్టి కొట్టుకుపోయిన పందిరి గుంజ ఊగినట్టే పన్నూ ఊగుతుంది. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి ఒంట్లో ఎముకలన్నీ పలచబడతాయి. అప్పటికే పలచనైన అంచు చిగుళ్ల జబ్బుకు త్వరగా లొంగుతుంది. మీరు పన్ను పీకించడానికి భయపడుతున్నారు గానీ, పన్ను పీకకుండా వదిలేస్తే లోపల నిలిచిపోయే చీము ఈ మందు వాడేవారి దవడకు పెద్ద శత్రువు.

ముందు ఓపీజీ ఎక్స్‌రే (దవడ మొత్తం కనిపించేది), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) చేయించండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి క్రియాటినిన్ తప్పనిసరి. దాన్నిబట్టి లెక్కగట్టే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మి.లీ. కంటే తక్కువైతే అలెండ్రోనేట్ వాడకూడదు, వేరే దారి చూడాలి. పంటి నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొని వేయకండి, అవి కిడ్నీకి చేటు; పారాసిటమాల్ చాలు. మోకాళ్ల నొప్పులకని ఎవరైనా ఇచ్చిన పేరు లేని పొట్లాలుంటే డాక్టరుకు చూపించండి. వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశముంది. అది ఎముకనూ తినేస్తుంది, పన్ను తీశాక పుండునూ మాననివ్వదు.

తర్వాత గార తీయించాలి. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అంటారు. వదులయ్యేది గార వల్లే. అది ఖాళీని నింపి ఉంటుంది కాబట్టి తీయగానే సందులు బయటపడతాయి, అంతే. పక్కలకు కొద్దిగా ఊగే పన్ను దీంతో నిలవొచ్చు. కిందకు నొక్కితే దిగే పన్ను నిలవదు, దాన్ని తీయించాల్సిందే. మూడూ ఒకేసారి వద్దు. ఒకటి తీసి అది మానాక మిగతావి. పదునైన ఎముక అంచులు నున్నగా చేసి, చిగురు దగ్గరకు లాగి కుట్లు వేయమనండి. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ద్రావణం 10 మి.లీ. రోజుకు రెండుసార్లు, నిమిషం పాటు పుక్కిలించాలి. రెండు వారాలు దాటితే పళ్లకు మరకలు పడతాయి కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లే. పళ్లపొడి, కచ్చిక, ఇటుక పొడి మానేసి మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు వాడండి.

అడ్డపొగ మాట విడిగా చెప్పాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలి కాలి తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు వస్తాయి. అక్కడ క్యాన్సరూ రావచ్చు. పళ్ల డాక్టరు అంగిలి చూడకుండా పంపిస్తే అడిగి చూపించండి. పొగాకు చిగుళ్లకు రక్తాన్ని తగ్గిస్తుంది కాబట్టి చుట్ట తాగేవారికి రక్తం తక్కువగా కారుతుంది. మీ అమ్మగారికి కారుతోందంటే లోపల జబ్బు కనబడేదానికన్నా ముదిరి ఉండొచ్చు. పన్ను తీశాక చుట్ట కాలిస్తే పుండు త్వరగా మానదు.

ముట్లు ఆగిన మహిళలకు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. చోడి (రాగి) అంబలి తాగుతున్నాం కదా అనుకుంటారు. వంద గ్రాముల చోళ్లలో 350 మి.గ్రా. దాకా ఉన్నా, గ్లాసు అంబలికి పడే పిండి 30 గ్రాములు. అంటే వంద మి.గ్రా. మాత్రమే. పాలో పెరుగో రెండు గ్లాసులు చేర్చండి. పళ్లు నొప్పని గంజి, మెత్తన్నంతో సరిపెట్టేస్తే మాంసకృత్తులు తగ్గి కండ కరుగుతుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, చేప పెట్టండి. కిడ్నీ దెబ్బతిందని తేలితే ఈ కొలతలు మారతాయి, కిడ్నీ డాక్టరు చెప్పినట్టే చేయండి.

ఇకముందు ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజక్షన్‌కు మారిస్తే, దాన్ని ఆలస్యం చేయొద్దు. గడువు దాటితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. పన్ను పని ఉంటే ఇంజక్షన్ వేసిన మూడు నాలుగు నెలలకు పెట్టుకోవాలి. ఏడాదికోసారి ఎక్కించే మందైతే ఎప్పుడు ఎక్కించారో చీటీ దగ్గరుంచుకోండి. పళ్ల డాక్టరు ‘మందులేం వాడుతున్నారు’ అంటే చాలామంది మాత్రలే చెబుతారు, ఇంజక్షన్ మరిచిపోతారు.

పన్ను తీసిన చోట మూడు నాలుగు వారాలకూ చిగురు కమ్ముకోకపోయినా, తెల్లగా ఎముక కనిపించినా, చీము పట్టినా, కింది పెదవి తిమ్మిరెక్కినా మాక్సిలోఫేషియల్ సర్జన్‌కు (దవడ, ముఖం ఆపరేషన్లు చేసే డాక్టరు) చూపించాలి. ఎనిమిది వారాలు దాటినా ఎముక బయటే ఉంటే మందు వల్ల వచ్చిన దవడ జబ్బేమోనని అనుమానిస్తాం.

మాత్ర మళ్లీ మొదలుపెట్టమంటే పొద్దున్నే పరగడుపున, టీ కంటే ముందు, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగించండి. చప్పరించనివ్వకండి, నోట్లో పుండ్లు పడతాయి. అరగంట నడుం వాల్చకూడదు. కాల్షియం మాత్ర మధ్యాహ్నం భోజనంతో వేయాలి.