పాత మారుతి 800: క్లిప్ బిగించినా హోస్ దగ్గర లీకు

రేడియేటర్‌కి పైభాగంలో ఉండే హోస్ (రబ్బరు గొట్టం) క్లిప్ ఎంత బిగించినా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోందా? తప్పు క్లిప్‌ది కాకపోవచ్చు. 20 ఏళ్ల బండిలో హోస్ చివర గట్టిపడి పట్టు వదిలేస్తుంది.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ క్యాప్ తీయండి.

2. హోస్ చివర నొక్కి చూడండి. గట్టిగా ఉన్నా, పగుళ్లున్నా కొత్తది వేయాల్సిందే.

3. చాలామంది వదిలేసేది ఇదే: హోస్ లాగేసి, అది ఎక్కే రేడియేటర్ పైపు మూతిని సన్నటి ఎమెరీ పేపర్‌తో మెల్లగా రుద్దండి. అక్కడ పేరుకున్న తెల్లటి పొర మీద కొత్త హోస్ అయినా సరిగ్గా కూర్చోదు. మూతి అంచున చిన్న ఉబ్బు ఉంటుంది. క్లిప్ దాని మీద కాదు, దాన్ని దాటి రేడియేటర్ వైపు ఉండాలి. నేనూ రెండుసార్లు ఉబ్బు మీదే బిగించాను!

4. కూలెంట్ నింపండి. ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక క్లిప్ మళ్లీ కాస్త బిగించండి. అతిగా తిప్పితే రబ్బరు తెగుతుంది.