పెంకు మీద 1865 ఉంటే ఇల్లు కూడా 1865 నాటిదేనా?

ప్రశ్న: మాస్టారూ, పర్లాకిమిడిలో మా తాతగారి ఇంటిని అందరూ విక్టోరియా బంగళా అంటారు. చూరుకి లేసులా కోసిన చెక్క పట్టీ, హాలు తలుపు పైన రంగుటద్దాలు, మధ్యగది కప్పుకి ఇనప దూలాలు ఉన్నాయి. వీధి ద్వారబంధం మీద ‘శార్వరి’ అని చెక్కారు. పెంకు మీద 1865 అని అచ్చు ఉంది కాబట్టి ఇల్లు ఆ ఏడు కట్టిందేనని మా అన్నయ్య పందెం కాశాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పందెం డబ్బులు వసూలు చేసుకోమ్మా. 1865 పక్కన బాసెల్ మిషన్ (స్విట్జర్లాండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ సంస్థ) పేరు కూడా ఉందేమో చూడు. ఉంటే, అది మంగుళూరులో వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. తర్వాత ఏళ్ల తరబడి చేసిన పెంకుల మీదా అదే అంకె కొట్టారు. అయినా పెంకుని బట్టి ఇంటి వయసు చెప్పకూడదు. గాలివానకి లేచిపోతాయి, కోతులు పగలగొడతాయి, ఎక్కడో పాత ఇల్లు పడగొడితే బండికెత్తి తెచ్చుకుంటాం.

లేసు పట్టీ, రంగుటద్దాల సంగతీ అంతే. విక్టోరియా రాణిగారు 1901 జనవరిలో పోయినా ఆ ఫ్యాషను మన జమీందారీ ఊళ్లలో చాలాకాలం నడిచింది.

నాకు నమ్మకం కలిగించింది ద్వారబంధం. శార్వరి అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1840, 1900, 1960. మీ తాతగారి ఇల్లన్నావు కనుక 1960 మాట వదిలేద్దాం. మిగతా రెండింటిలో ఏదో దూలం చెబుతుంది. నిచ్చెన వేసుకుని దాని నడుం భాగం గుడ్డతో తుడువు. ఇలాంటి దూలాల మీద తయారీదారు పేరు పోతపోసినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. ‘డార్మన్ లాంగ్’ అనీ, చివర ‘లిమిటెడ్’ అనీ ఉంటే మన పని సులువు. ఇంగ్లండులోని ఆ కంపెనీ లిమిటెడ్ అయింది 1889లో. అప్పుడు 1840 కొట్టుకుపోతుంది.

అయితే దూలం తర్వాత ఎక్కించింది కూడా కావచ్చు. అది గోడలో దిగిన చోట గోరుతో గీకు. గోడంతా ఉన్న గానుగ సున్నమే అక్కడా ఉంటే మొదటి నుంచీ ఉన్నదే. చుట్టూ సిమెంటు కనిపిస్తే తర్వాతి రిపేరు.

1900 అనడానికి ఇంకో కారణం ఉంది. గౌరచంద్ర గజపతి రాజావారు వేయించిన నౌపడా – పర్లాకిమిడి చిన్న రైలు నడిచింది 1900 ఏప్రిల్ నుంచే. శార్వరి ఉగాదీ, రైలూ ఇంచుమించు కలిసే వచ్చాయన్నమాట. రెండున్నర అడుగుల గేజీ, పాతిక మైళ్ల లైను. అంతకు ముందు అంత బరువు దూలాలు ఊళ్లోకి రావాలంటే ఎడ్లబండ్లే గతి. గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పుడు మీ ఊళ్లోనే రాజావారి బడిలో పాఠాలు చెబుతున్నారు. మీ ముత్తాతగారు ఆయన క్లాసులో కూర్చున్నారేమో, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడు!

ఇక కాగితాలు. 1936 ఏప్రిల్ దాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోది, ఒడిశాలోకి వెళ్లింది ఆ తర్వాతే. కాబట్టి పాత దస్తావేజులు ఒడియాలో ఉంటాయనుకుని భయపడకు, ట్రంకుపెట్టెలో తెలుగువే దొరకచ్చు. గొలుసుకట్టు రాత చదవగల ముసలాయన్ని పక్కన కూర్చోబెట్టుకో. హద్దులు రాసిన చోట ‘ఖాళీ స్థలం’ అన్నారా, ‘పూరిల్లు’ అన్నారా, ‘పెంకుటిల్లు’ అన్నారా అని వరసగా చూస్తే, ఏ రెండు దస్తావేజుల మధ్య ఇల్లు లేచిందో దొరుకుతుంది. స్టాంపు కాగితం మీద రాణిగారి బొమ్మ ఉందని సంబరపడకు. అది దస్తావేజు తేదీ చెబుతుంది, ఇంటి వయసు కాదు.

దసరాకి రంగులు వేయించే ఆలోచన ఉంటే, ముందు ఆ దూలం మీది అక్షరాలకి ఫోటో తీసి పెట్టుకో. పెయింటరు మూడు పూతలు వేశాడంటే డార్మనూ కనపడడు, లాంగూ కనపడడు.