అల్లుడూ, ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు వేడి తగ్గించు

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఆదివారం మీ వేళచ్చేరి గదికి వచ్చినప్పుడు చూశాను. నువ్వు గేమ్ మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే ఆ కంప్యూటర్ డబ్బా మిక్సీలా మోగడం, పక్క మంచం మీద పిల్లవాడు పాపం చెవుల మీద దిండు పెట్టుకోవడం. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ మార్చేద్దామా మామయ్యా అని అడిగావు. తొందరపడకు. ఆ ఫ్యాన్ చెడిపోలేదు. నీ కార్డులో ఉన్నది వేడిని లాగే రేకుల దిమ్మె, అదే హీట్‌సింక్, అరచేయంతది, ఒక్కటే ఫ్యాన్, దాని కింద 170 వాట్ల ఎన్విడియా 3060 చిప్పు. పెద్ద కార్డులో మూడు ఫ్యాన్లు మెల్లగా తిరుగుతూ చేసే పనిని నీ దగ్గర ఒక్కటే పరిగెత్తి చేస్తోంది. అందుకే ముందు ఆ వాట్లు తగ్గించాలి.

పైగా మీది మేడ మీద గది. కత్తిరి ఎండలకు స్లాబు పగలంతా కాగి రాత్రి పదకొండింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. గదిలో గాలి ఎనిమిది డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అంతే పెరుగుతుంది, కాబట్టి వీడియోలో ఎవరో చలి దేశంలో కూర్చుని తన కార్డు 62 డిగ్రీలు చూపించాడని, నీది 75 ఉందని టెన్షన్ పడకు. 75 ఫర్వాలేదు. 83 చుట్టుపక్కలకు వస్తే మాత్రం ఆ కార్డు తనంతట తానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, అక్కడిదాకా పోనివ్వకు.

నీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది కదా, అంటే సెకనుకు 60 ఫ్రేములే (బొమ్మలే) చూపగలదు, కార్డేమో 130 గీస్తోంది. నీ కంటికి కనపడని ఆ 70 ఫ్రేములకు కరెంటు, వేడి, మోత అన్నీ దండగ. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టెయ్. మెనూ తెరిచినప్పుడు సన్నగా కీచుమంటోందే, అది ఫ్యాన్ కాదు, కార్డు మీది కాయిల్స్. ఫ్రేములకు హద్దు పెడితే అదీ చాలావరకు తగ్గుతుంది.

తర్వాత కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ పెట్టుకుని పవర్ లిమిట్ 75 శాతానికి దించు. 170 వాట్లు 127 అవుతాయి, గేములో తేడా నీకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే కంపెనీవాళ్లు ఆఖరి కొద్దిపాటి వేగం కోసం బోలెడు కరెంటు తోస్తారు. ఇంకాస్త ఓపిక ఉంటే అండర్‌వోల్టింగ్, అంటే చిప్పుకిచ్చే వోల్టేజ్ తగ్గించడం, చెయ్యి, అసలైన లాభం అక్కడే ఉంది. అదే వేగంలో చిప్పు తినే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది, అంటే వోల్టేజ్ పది శాతం దించితే చిప్పు వేడి దాదాపు ఐదో వంతు పోతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కితే గీత ఒకటి వస్తుంది, అడుగున మిల్లీవోల్టులు, పక్కన చిప్పు వేగం మెగాహెర్ట్జ్‌లో. 875 దగ్గరి చుక్కను 1800కు తెచ్చి, దానికి కుడివైపున్నవన్నీ అదే ఎత్తులో చదునుగా ఉండేలా చూసి అప్లై కొట్టు. ఏ రెండు చిప్పులూ ఒకలా ఉండవు, గేమ్ మధ్యలో పడిపోతే ఒక 25 మిల్లీవోల్టులు పెంచు, అంతే, కార్డుకేం కాదు. నాలుగు రోజులు నిలకడగా ఆడాకే విండోస్‌తో పాటు దానంతటదే మొదలయ్యేలా టిక్ పెట్టు, ముందే పెట్టకు.

ఇంకో సంగతి, ఆ డబ్బాను టేబుల్ కింది అరలో ఇరికించావు, వెనక గోడకు నాలుగు వేళ్ల సందు కూడా లేదు. ఇలాంటి చిన్న కార్డులు వేడి గాలిని డబ్బాలోకే వదులుతాయి, అది బయటికి పోకపోతే మళ్లీ దాన్నే పీల్చుకుంటాయి. పక్క పలక తీసి ఇరవై నిమిషాలు ఆడి చూడు. ఐదారు డిగ్రీలు పడిపోతే తప్పు కార్డుది కాదు, గాలిది. ముందుకు జరిపి, ఎదురుగా 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి లోపలికి ఊదేలా బిగించు.

ఇవన్నీ అయ్యాకే ఫ్యాన్ కర్వ్, అంటే ఎన్ని డిగ్రీలకు ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత. రాత్రి నువ్వు ఏమీ చేయకపోయినా అది ఉండుండి బుర్రుమని ఆగుతోంది చూశావా? 55 డిగ్రీల దాకా ఆగి ఉండి, దాటగానే తిరిగేలా కార్డులో రాసి ఉంది. మన చెన్నై గదిలో ఖాళీగా ఉన్నా అది సరిగ్గా ఆ గీత మీదే ఊగుతుంది. 30 శాతం దగ్గర ఆగకుండా తిరగనివ్వు, ఆ హోరు పది నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది, ఆగి ఆగి మోగేదే నిద్ర చెడగొడుతుంది. వేగం సగమైతే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, అందుకే పైన అంత పోరు పెట్టాను.

దుమ్ము విషయంలో జాగ్రత్త. ఇక్కడి ఉక్కకు దుమ్ము తడిసి రేకుల మధ్య దుప్పటిలా అంటుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. చిప్పుకీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్ట్ మారుస్తానంటావేమో, వారంటీ ఉన్నన్నాళ్లు ఆ స్క్రూలు ముట్టుకోకు. నేనొకసారి పాత కార్డుకు పేస్ట్ మార్చి, హీట్‌సింక్ కింద వేడి దాటించే మెత్తటి ప్యాడ్లు చిరిగితే వాటి బదులు మందం కొలవకుండా ఎలక్ట్రానిక్స్ సామాన్ల రిచీ స్ట్రీట్‌లో దొరికినవి వేసేశాను. ఆన్ చేసిన నిమిషానికే 90 దాటింది. భయపడి విప్పి చూస్తే చిప్పు మీద పేస్ట్ పెట్టింది పెట్టినట్టే ఉంది, పరుచుకోనే లేదు. ప్యాడ్లు అర మిల్లీమీటరు ఎక్కువ మందం ఉండి హీట్‌సింక్‌ను పైకెత్తేశాయి. ఆ అర మిల్లీమీటరు కోసం రెండు రోజులు తిరిగాను.

ఈ వారం ఫ్రేములు, పవర్ లిమిట్ మార్చి, ముందూ తర్వాతా డిగ్రీలు, ఫ్యాన్ వేగం ఒక కాగితం మీద రాసిపెట్టు. వచ్చే ఆదివారం బ్లోయర్ పట్టుకొస్తాను, డబ్బా అప్పుడు విప్పుదాం.

మీ మామయ్య