జ్ఞాపకం పోయినా స్వరూపం పోదు

బ్రదర్, వందనాలు. మతిమరుపు జబ్బుతో నాన్నగారు మిమ్మల్నే గుర్తుపట్టడం లేదని, ప్రార్థన కూడా మరిచిపోయారని రాశారు. ఇంకా ఆయనలో దేవుని స్వరూపం మిగిలి ఉందా అని అడిగారు. ఉంది. ఇందులో నాకు సందేహం లేదు.

స్వరూపం అంటే తెలివితేటలే అనుకోవడంతోనే చిక్కంతా. ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను అంతటివాడు కూడా జ్ఞాపకం, బుద్ధి, సంకల్పం అనే మూడింటిలో దాని జాడ వెతికాడు. కానీ దేవుడు తన స్వరూపంలో మనిషిని సృజించాడని చెప్పే ఆదికాండము 1:27 ఏ సామర్థ్యాన్నీ షరతుగా పెట్టదు. అక్కడ స్వరూపానికి వాడిన హెబ్రీ మాట 'త్సెలెం'. విగ్రహాన్నీ ఆ మాటతోనే అంటారు. ప్రాచీన ఐగుప్తు (ఈజిప్టు), అష్షూరు (అస్సీరియా) దేశాల్లో దేవుడి ప్రతిరూపమని పిలిపించుకున్నది రాజులు. ఆదికాండము ఆ గౌరవాన్ని స్త్రీపురుషులందరికీ ఇచ్చేసింది! పాపం వచ్చాక కూడా వెనక్కి తీసుకోలేదు. నరహత్య ఎందుకు ఘోరమో ఆదికాండము 9:6 చెప్పే కారణం ఆ స్వరూపమే. యాకోబు 3:9 ప్రకారం దేవుని పోలికలో పుట్టిన మనిషిని శపించడం కూడా తగదు.

మా అమ్మకూ ఇదే జబ్బు. మొహం తుడిచే ముందు "అమ్మా, తుడవనా?" అని అడిగి, ఒక్క క్షణం ఆగేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు, అయినా అడిగేవాణ్ణి. ఆమె ఎదుటే ఆమె లేనట్టు మాట్లాడేవాళ్లను పక్కకు పిలిచి వద్దని చెప్పేవాణ్ణి. మీరూ అలా చేసి చూడండి. ప్రార్థన ఆయన చెయ్యి పట్టుకుని మీరే పైకి చెప్పండి.

ఇంకో మాట. అలసిపోయి విసుక్కున్నానని బాధపడుతున్నారు కదా, ఆ స్వరూపం మీలోనూ ఉంది బ్రదర్. వారంలో ఒక పూట ఆయన్ని ఎవరికైనా అప్పగించి నిద్రపోండి.