మీ లెక్కలో కనబడని ఆరు

ప్రశ్న: ప్రతి గురువారం ఆఫీసు అయ్యాక నాకిష్టమైన ఒక చిన్న హోటల్‌కి ఒక్కదాన్నే వెళ్లి, కిటికీ పక్క బల్ల దగ్గర గంటసేపు కూర్చుంటాను. ఏడాదికి రెండుసార్లు సందడి లేని చోటు చూసుకుని మూడేసి రోజులు ఉండి వస్తాను. నా నెల ఆదాయం నూరు అనుకుంటే ఇల్లు, సరుకులు, బిల్లులు, రాకపోకలకు 55, ఇంటి అప్పు వాయిదాకు 12, పొదుపుకు 18, హోటల్‌కి 4, ప్రయాణాలకు సగటున 5 పోతాయి. పోయినసారి ప్రయాణం క్రెడిట్ కార్డు మీద చేసి, ఏడు నెలలు వాయిదాలు కట్టాను. ‘ఒంటరిగా కూర్చుని తినడానికి ఇంత ఖర్చా’ అని మా అక్కయ్య అంటుంది. ఈమధ్య మెనూ కార్డు చేతికి రాగానే నా చూపు కుడివైపు ధరల మీదికే పోతోంది. ఈ రెండూ మానేయాలా?

జవాబు: మానవద్దు. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ చివరి సంగతే. డబ్బు ఎలాగూ ఇస్తున్నారు, దానికి రావలసిన సంతోషం మాత్రం మీకు అందడం లేదు. నా దృష్టిలో మీ లెక్కలో అసలు నష్టం అదే.

ఇక అంకెలు. మీరు రాసినవన్నీ రెండుసార్లు కూడి చూశాను. 94 వచ్చింది. మిగతా 6 ఎక్కడ? మీరు తలవంచుకుంటున్న హోటల్ ఖర్చు 4. దానికి ఒకటిన్నర రెట్లు డబ్బు, నెలనెలా, మీకు తెలియకుండానే పోతోంది.

ఇలాంటిది నేను చాలామంది లెక్కల్లో చూశాను. గుర్తుండే ఖర్చును చూసి కుమిలిపోతాం, గుర్తులేని ఖర్చు జోలికి పోము. అందుకే ఒక పని చేయండి. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ కాగితం మీద తీసుకుని, పెన్సిల్‌తో ఒక్కో పద్దు దగ్గర ఆగండి. అది ఎందుకు కొన్నారో, ఎక్కడ కూర్చుని తిన్నారో గుర్తొస్తే వదిలేయండి. గుర్తు రాకపోతే గీత పెట్టండి. అలసిపోయి ఇంటికి తెప్పించుకుని, ఫోను చూస్తూ ముగించిన భోజనాలు, ఎప్పుడో చేరి మరిచిపోయిన నెలవారీ చందాలు, అవసరం లేకపోయినా తగ్గింపు ధర చూసి కొన్నవి బయటపడతాయి. గురువారాల దగ్గర మీకు గీత పడదని నా నమ్మకం. కోత పెట్టాల్సింది గీతలు పడినచోట.

నేనూ ఒకప్పుడు ఇల్లు కొనాలని, ఇష్టంగా వెళ్లే చోటు రెండేళ్లు మానేశాను. ఆ మిగులు పొదుపు ఖాతాలోకి చేరిందా అంటే లేదు. నెల మొదట్లోనే పక్కన పెట్టలేదు కాబట్టి అదీ ఇదీ అయి కరిగిపోయింది. మీరు హోటల్ మానేస్తే పొదుపు 18 నుంచి 22 అవుతుందని కాగితం చెబుతుంది. ఆ 4ను జీతం రోజునే మళ్లించకపోతే, ఇప్పుడు జాడ లేని 6 కాస్తా 10 అవుతుంది.

మీకు గట్టిగా చెప్పాల్సింది కార్డు గురించి. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు. చక్రవడ్డీ కట్టి చూస్తే 42 శాతం దాటుతుంది. మూడు రోజుల ప్రశాంతత కోసం ఏడు నెలలు వాయిదాలు కట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. కార్డు మీద ఇంకా బాకీ ఉంటే అది తీరేదాకా ప్రయాణం ఆపండి. కనీసం మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి లేకపోయినా అంతే, మొదటి మూడు నెలల మొత్తం జమయ్యేదాకా ఆగండి. గురువారాలు మాత్రం ఆపనక్కర్లేదు.

ఆ తర్వాత వాయిదాల వరస తిరగేయండి. వెళ్లొచ్చాక కట్టడం కాకుండా, కట్టాక వెళ్లండి. నెలకు 5 చొప్పున ఏడాదికి 60 జమవుతుంది, ఒక్కో ప్రయాణానికి 30 వస్తుంది. 1998లో డ్రేజన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకులు వాయిదాలు ముందు కడతారా, తర్వాత కడతారా అని అడిగితే, బట్టలు ఉతికే యంత్రానికి తర్వాత కడతామన్నవారే ఎక్కువ, విహారయాత్రకు మాత్రం ముందే కట్టేస్తామన్నవారు ఎక్కువ. యంత్రం ఇంట్లో పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి దానికి కడుతున్నా బాధ ఉండదు. అయిపోయిన సెలవుకు కట్టే వాయిదా గుచ్చుకుంటుంది. ఏడు నెలలు మీరు పడ్డది ఆ బాధే.

హోటల్ 4, ప్రయాణాల 5 కలిపి ఈ 9కి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. జీతం పడిన రోజునే అందులోకి పోవాలి. హోటల్ బిల్లు, గది అద్దె, టికెట్లు అన్నీ దాన్నుంచే కట్టండి. ప్రయాణాల 5 జోలికి గురువారాలు పోకుండా రెండింటికీ విడివిడిగా పద్దు రాసుకోండి. డబ్బు ఏ ఖాతాలో ఉన్నా డబ్బే కదా అంటారు. మనసు అలా చూడదు. పేరు పెట్టి దాచినదాన్ని ఒకలాగా, జేబులో ఉన్నదాన్ని ఒకలాగా చూస్తుంది. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ ఈ మనసు లెక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఖాతాకు పేరుంటే ఆ గంటసేపు ‘ఈ డబ్బు ఇంకెక్కడికో పోవాల్సింది’ అన్న ఆలోచన మీ పక్కన వచ్చి కూర్చోదు.

ప్రయాణాల గురించి మరొక మాట. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, నెదర్లాండ్స్‌లో సెలవుకు వెళ్లబోయేవారు వెళ్లనివారికన్నా ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది. తిరిగొచ్చాక ఆ తేడా దాదాపుగా మాయమైంది. చాలా విశ్రాంతిగా గడిచిందని చెప్పినవారికే కొంతకాలం మిగిలింది. కాబట్టి తేదీలు ముందే ఖాయం చేసుకుని, ఎదురుచూసే రోజులు కూడా అనుభవించండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివచ్చే షరతు ఉందో లేదో చూసుకోండి. రద్దీ లేని కాలంలో, వారం మధ్యలో వెళ్లండి. గది చవకగా దొరుకుతుంది, మీరు కోరుకునే నిశ్శబ్దమూ అప్పుడే ఉంటుంది.

జీతం పెరిగినప్పుడు ఖరీదైన చోటికి మారవద్దు. మీకు కావలసింది ఆ కిటికీ పక్క బల్లే. జీతం పెరిగినంతగా ధర పెరగకపోతే అది మీ నూటిలో 4 నుంచి 3 వైపు దిగుతుంది.

మీ అక్కయ్యగారికి నా మాటగా ఏమీ చెప్పవద్దు. ఒక కాగితం మీద 94 పక్కన 6 రాసి చూపించండి, చాలు. ఈ గురువారం బయలుదేరే ముందే ఎంతవరకు ఖర్చుపెట్టాలో ఇంట్లో అనుకోండి. అక్కడ కూర్చున్నాక మెనూ కార్డులో ఎడమవైపు చదవండి.