ఎంసీబీ పడిపోవడం లేదంటే వైరింగ్ బాగున్నట్టేనా?

ప్రశ్న: ఒక వాణిజ్య భవనంలో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని ఆఫీసు నడుపుతున్నాం. ఏసీలు పెట్టిన కొత్తలో, అవి నడిచిన అరగంటకల్లా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోయేది. యజమాని పంపిన ఎలక్ట్రీషియన్ దాని బదులు 32 ఆంపియర్లది బిగించాడు. ఆ తరువాత మళ్లీ పడలేదు గాని, మధ్యాహ్నానికి బోర్డు మూత చేతికి వేడిగా తగులుతోంది. భవనానికి విద్యుత్ భద్రత సర్టిఫికెట్ ఉంది కనుక భయం లేదంటున్నారు. నమ్మవచ్చునా?

జవాబు: నమ్మకండి. ఎంసీబీ మొదట కాపాడేది ఏసీని కాదు, గోడలోని తీగను. లోడు కన్నా ఎంసీబీ రేటింగు, ఎంసీబీ రేటింగు కన్నా తీగ మోయగల కరెంటు తక్కువ కాకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 చెబుతుంది. మీ ఎలక్ట్రీషియన్ తీగను మార్చకుండా ఎంసీబీని మాత్రమే మార్చి ఉంటే, ఈ వరుస తెగిపోయినట్టే. పైగా 32 ఆంపియర్ల ఎంసీబీ దాదాపు 36 ఆంపియర్లను గంటసేపు పడకుండా మోయాలన్నది దాని తయారీ ప్రమాణమే. ఒకే పైపులో నాలుగైదు సర్క్యూట్లతో కలిసి ఇరుక్కున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అంత కరెంటును తట్టుకోలేదు. దాని పైతొడుగు క్రమంగా గట్టిపడి, పెళుసెక్కి, పగులుతుంది.

ఏసీ వేసిన మరుక్షణమే ఎంసీబీ పడిపోయి ఉంటే కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే అధిక కరెంటుకు సరిపడే రకం ఎంసీబీ పెట్టించమనేవాణ్ణి. మీకు అరగంట తరువాత పడిందంటే అధిక లోడునే ముందుగా అనుమానించాలి.

బోర్డు వేడికి వదులు జాయింటు కూడా కారణం కావచ్చు. స్క్రూ దగ్గర పదో వంతు ఓమ్ నిరోధం ఉండి, 20 ఆంపియర్లు పారితే అక్కడ 40 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను బోర్డులో వేసి మరిచిపోయినట్టన్నమాట. ఇక్కడ కరెంటు పెరగదు, భూమిలోకి లీకవదు. కాబట్టి ఎంసీబీకీ, కరెంటు భూమిలోకి లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీకీ ఇది తెలియదు.

సర్టిఫికెట్ విషయానికొస్తే, మొదట దాని తేదీ చూడండి. ఏసీలు పెట్టకముందుదైతే ఇప్పటి వైరింగుకు అది వర్తించదు. ఆపైన, ప్రతి సర్క్యూట్ పరీక్ష రీడింగులనూ అడగండి: తీగ పైతొడుగు (ఇన్సులేషన్) నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసిన ఇన్సులేషన్ నిరోధం 1 మెగాఓమ్‌కు తగ్గకూడదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అంత లీకేజీ వచ్చిన 300 మిల్లీసెకన్లలోపు పడాలి, ఎర్త్ తీగ తెగకుండా చివరి సాకెట్ దాకా ఉండాలి. అన్ని సర్క్యూట్లకూ ఒకే అంకె రాసి ఉంటే, అది కుర్చీలో కూర్చుని చేసిన పరీక్షే!

ప్రస్తుతానికి ఆ సర్క్యూట్ ఆపేయండి, బోర్డును మీరు మాత్రం తెరవకండి. లైసెన్సున్న వేరొకరి చేత జాయింట్లు, తీగ మందం చూపించి, ఒక్కో ఏసీకి బోర్డు నుంచి విడిగా తగిన తీగ లాగించండి. అది పూర్తయి, పరీక్ష జరిగాకే ఏసీలు వేయండి.