ముందు ఆ తలగడ తీసెయ్యి

తమ్ముడూ,

మోకాలి మార్పిడి ఆపరేషన్ బాగా జరిగిందని, వాకరు పట్టుకుని నాలుగడుగులు కూడా వేశావని మరదలు ఫోన్లో చెప్పింది. సంతోషం. ఆ నోటితోనే, మోకాలి కింద తలగడ పెట్టుకుని హాయిగా పడుకుంటున్నావనీ చెప్పింది. ఈ ఉత్తరం ఆ తలగడ కోసమే. ముందు దాన్ని తీసెయ్యి.

నా కుడి మోకాలు మార్పించుకున్నప్పుడు నేనూ అదే పని చేశాను. మోకాలు కాస్త వంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ లోపల గాయం మానుతూ ఏర్పడే కణజాలం, కాలు ఎలా ఉంచితే అలాగే బిగిసిపోతుంది. నెల తిరిగేసరికి కాలు పూర్తిగా చాపలేక కుంటుతూ నడిచాను. డాక్టరు పని డాక్టరు చక్కగా చేశాడు, చెడగొట్టుకున్నది నేను.

ఎడమ మోకాలి నాటికి బుద్ధి వచ్చింది. ఫిజియోథెరపిస్టు చూపించినట్టు మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలు తన బరువుకే కిందికి దిగేలా వదిలేసేదాన్ని. ఐదు నిమిషాలు ఐదు గంటల్లా గడిచేవి. మొదట్లో కాలు పరుపు మీద చాపితే మోకాలి వెనక నాలుగు వేళ్లూ దూరేవి. తర్వాత రెండు. ఒకనాడు ఒక్క వేలు కూడా దూరలేదు. ఆ రోజు ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను!

చూడవచ్చిన వాళ్లంతా ఎంత వంగిందనే అడుగుతారు. వంగడమూ కావాలి. మెట్లకు దాదాపు 90 డిగ్రీలు, కుర్చీలోంచి లేవడానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కానీ చాపడం సంగతి ఎవరూ అడగరు కనుక మనమే మరిచిపోతాం.

నొప్పి మాత్ర మానేసి మగతనం చూపించకు. డాక్టరు రాసిన మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటేనే కాలు మాట వింటుంది. అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టుకో. వ్యాయామంలో నొప్పి పుట్టి కాసేపటికి సర్దుకుంటే పరవాలేదు. మర్నాటికి వాపు ఎక్కువైతే మాత్రం అతి చేశావని అర్థం, కాస్త తగ్గించు.

పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండు, రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా నాకు ఫోన్ చేయకు, నేరుగా ఆసుపత్రికి వెళ్లు.

మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర ఆపరేషన్ కాలి పక్క కాదు, రెండో పక్క చేతిలో ఉండాలి. అందరూ తిరగేసే పట్టుకుంటారు, నువ్వూ అంతే చేస్తావని తెలుసు.

ఆదివారం ఫోన్ చేస్తాను. మోకాలి వెనక ఎన్ని వేళ్లు దూరుతున్నాయో చూసి ఉంచు. కొలిచేది మరదలు, నువ్వు కాదు.

మీ అక్క